ఆటకు, జూదానికి నడుమ గీత ఏది?

(గేమింగ్ పరిశ్రమకు సర్కారు చేయూత, సర్కారు కట్టడి అనే అంశం మీద విద్యార్థుల, ఉద్యోగుల సభల చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం పేరు చదవంగనే ముందు వరుసల కూసున్న ఎన్జీవో అన్న ఒకాయన 'ఇది పిలగాండ్ల ముచ్చట గదా, మాకెందుకు' అని నవ్విండు. అన్నా, నీ మీద కోపం లేదు. కానీ ఒక్క లెక్క చెప్త, విను. 2023 అక్టోబర్ 1 నుంచి ఆన్‌లైన్ పైసల ఆటల మీద కేంద్రం, రాష్ట్రాలు కలిసి 28 శాతం జీఎస్టీ వేసినయి. ఆ తర్వాత ఆరు నెలలల్ల వచ్చిన పన్ను 6,909 కోట్లు అని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారే 2024 సెప్టెంబర్ల చెప్పిండ్రు. అంతకు ముందు అంతే కాలానికి వచ్చింది 1,349 కోట్లు. ఆరు నెలలల్ల ఏడు వేల కోట్ల పన్ను కట్టే ముచ్చట పిలగాండ్లది ఎట్లయితది? ఆ పైసలు నెల జీతగాండ్లవి, డెలివరీ పోరగాండ్లవి, హాస్టల్ ఫీజు కట్టనీకి ఇంటి నుంచి తెచ్చుకున్నవి.

మొదలు 'గేమింగ్' అనే మాట సంగతి చూద్దాం. గడబిడ అంత అక్కడనే ఉన్నది. ఒక పోరడు రాత్రి పూట హాస్టల్ల ముగ్గురు దోస్తులతోని కలిసి బీజీఎంఐ ఆడుతడు. అది గేమింగ్. ఇంకొకాయన ఆఫీసు నుంచి బస్సుల ఇంటికి పోతూ ఫోన్ల రమ్మీ టేబుల్ మీద వెయ్యి రూపాయలు పెడ్తడు. అదీ గేమింగే. మాదాపూర్ల ఒక ఆడిబిడ్డ తొమ్మిది గంటలు కంప్యూటర్ ముంగట కూసోని ఎవరో అమెరికా కంపెనీ ఆటకు గుర్రం బొమ్మ, జీను, కళ్లెం గీస్తది. ఆమె కొలువు పేరు గూడ గేమింగే. ఈ ముగ్గురి నడుమ పోలిక ఏమన్న ఉన్నదా? ఒకడు పొద్దు పోగొట్టుకుంటున్నడు, ఒకడు పైసలు పోగొట్టుకుంటున్నడు, ఒకామె సంపాదిస్తున్నది. సర్కారు మాత్రం ఏండ్ల తరబడి ముగ్గురిని ఒకటే గంపల వేసి చూసింది. అందుకే చేయూత ఇయ్యాల్సిన కాడ కట్టె పట్టుకున్నది, కట్టె పట్టాల్సిన కాడ పన్ను వసూలు చేసుకున్నది.

మన భాషల గూడ ఈ తిరకాసు ఉన్నది మరి. రచ్చబండ మీద గళ్లు గీసి, చింతగింజలు పెట్టి ఆడే పులి-మేకల ఆటను మన పెద్దలు 'పులిజూదం' అన్నరు. అందుల పైస పందెం లేదు. మెదడు తప్ప ఇంకేం పెట్టేది లేదు. అయినా పేరుల జూదం ఉండనే ఉన్నది. మనం మాట తోని ఆడుకున్నం, నష్టం లేదు. చట్టం మాట తోని ఆడుకుంటే కొంపలు మునుగుతయి.

ఇగ అసలు కథకు వస్త. ఇది మన సికింద్రాబాద్ల మొదలైన కథ. 1963 మే నెలల క్రీసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసిండ్రు. కొందరు పైసలు పెట్టి రమ్మీ ఆడుతున్నరు. నిజాం కాలంల వచ్చిన హైదరాబాద్ గ్యాంబ్లింగ్ చట్టం, 1305 ఫస్లీ నాటిది, దాని కింద కేసు పెట్టిండ్రు. కింది కోర్టు శిక్ష వేసింది. హైకోర్టు కొట్టేసింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కారు సుప్రీం కోర్టు దాకా పోయింది. 1967 నవంబర్ల జస్టిస్ హిదాయతుల్లా తీర్పు చెప్పిండు. మూడు ముక్కల ఆట వేరు, రమ్మీ వేరు. రమ్మీల ఏ ముక్క పడ్డదో యాది పెట్టుకోవాలె, ఏది ఉంచుకోవాలె, ఏది పారెయ్యాలె అనే నేర్పు కావాలె. కాబట్టి ఇది ప్రధానంగ నైపుణ్యం మీద నడిచే ఆట అని ఆ తీర్పు సారాంశం. సర్కారు అప్పీలు ఓడిపోయింది.

ఆ పన్నెండు, పదమూడు ముక్కల క్లబ్బు కేసు మీద నలభై ఏండ్ల తర్వాత వేల కోట్ల పరిశ్రమ లేస్తదని ఆనాడు ఎవరన్న అనుకున్నరా? ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ప్రతి కోర్టుల, ప్రతి ప్రకటన కింద సన్న అక్షరాలల్ల చెప్పుకున్నది ఈ సికింద్రాబాద్ తీర్పే. 'సుప్రీం కోర్టు రమ్మీని నైపుణ్యం ఆట అన్నది, కాబట్టి మాది చట్టబద్ధం.' అయితే అదే తీర్పుల ఇంకొక మాట ఉన్నది. దాన్ని కంపెనీలు ఎన్నడూ ప్రకటనల వెయ్యలే. ఆ క్లబ్బు పేకముక్కలకు, సదుపాయాలకు కొద్దిగ ఛార్జి తీసుకున్నది, అది అంత పెద్దది కాదు, అందుకని తప్పు పట్టలేమని కోర్టు అన్నది. కానీ ఇల్లు గలాయన గాని, క్లబ్బు గాని పందెం పెట్టి ఆడే ఆట మీద లాభం తీస్తున్నట్టు రుజువైతే, అది రమ్మీ అయినా సరే నేరం కింద పట్టొచ్చని గూడ అన్నది. అంటే ఆ తీర్పుల రెండు కాళ్లున్నయి. ఒకటి ఆటల నేర్పు. రెండోది ఆడిపిచ్చేటోడి లాభం. పరిశ్రమ ఒక కాలు మీద నిలబడి కుంటుకుంట పరుగెత్తింది. ఏండ్ల పాటు మన ఏలికలు గూడ రెండో కాలు గురించి గట్టిగ అడగలే.

ఆడిపిచ్చేటోడి లాభం ఎట్లుంటదో ఒక లెక్క చెప్త. సైన్స్ చదివిన పిల్లలు జర కాగితం తీయండి. ఆరుగురు కూసున్నరు. ఒక్కొక్కని దగ్గర వెయ్యి రూపాయలు. మొత్తం ఆరు వేలు. ఆటకు తల వంద పెడ్తె కుప్ప ఆరు వందలు. అందుల కంపెనీ పది శాతం కోసుకుంటదనుకుందాం, లెక్క కోసమే. అరవై రూపాయలు. మిగిలిన 540 గెలిచినోడికి. ఒక ఆటల ఎవరికీ నొప్పి తెల్వది. నూరు ఆటలు ఆడండి. అరవై ఇంటూ నూరు, ఆరు వేలు. ఆరుగురి పైసలు మొత్తం కంపెనీ గల్లాల పడ్డయి. ఆరుగురిల ఎవడు నేర్పరి, ఎవడు కాదు అనే చర్చకు ఇంకేం అర్థం మిగిలింది? ఊర్ల చావడిల పేకాట ఆడితే ఒకని పైసలు ఇంకొకని జేబుల పడ్తయి, ఊర్లనే ఉంటయి, మరునాడు అప్పు అడగొచ్చు. ఫోన్ల ఆడితే టేబులే తింటది. చావడి పేకాటకు రాత్రి పూట దీపం ఆరిపితె ముగింపు. ఫోన్ టేబులుకు తెల్లారుడు అనేదే లేదు.

2016ల జియో వచ్చి డేటా చవక చేసింది, అదే ఏడు యూపీఐ వచ్చింది. టేబుల్ జేబులకు వచ్చింది, గల్లాపెట్టె గూడ జేబులకు వచ్చింది. 2017 జూన్ల తెలంగాణ సర్కారు 1974 నాటి గేమింగ్ చట్టాన్ని ఆర్డినెన్స్ తోని సవరించింది. పందెం పెట్టి ఆన్‌లైన్ల ఆడే రమ్మీని నిషేధించింది. నెల తిరగకముందే రెండో ఆర్డినెన్స్ తెచ్చి, నైపుణ్యం ఆటలకు ఉన్న మినహాయింపును గూడ పైసల పందెం విషయంల తీసేసింది. ఈ నిర్ణయం తీసుకున్న ముందు వరుస రాష్ట్రాలల్ల మనది ఒకటి. ఏ సర్కారు చేసినా మంచిని మంచి అనాలె. నేర్పా, అదృష్టమా అనే వాదన పక్కకు పెట్టి పైసలు పెట్టినవా లేదా అని అడిగిన చట్టం అది. 2020 సెప్టెంబర్ల ఆంధ్రప్రదేశ్ గూడ అదే తొవ్వ పట్టింది. తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రయత్నిస్తే 2021, 2022లల్ల హైకోర్టులు కొట్టేసినయి. అక్కడ మల్ల 'నైపుణ్యం' వాదనే గెలిచింది.

మన చట్టం వచ్చినంక ఏమైంది? పెద్ద కంపెనీలు తెలంగాణల ఉన్న ఫోన్లకు టేబుల్ బంద్ చేసినయి. కానీ హద్దులు దాటి ఆడిపిచ్చే విదేశీ బెట్టింగ్ యాపులు ఏ చట్టాన్నీ చూడలే. ఇవ్వాళ ఒక పేరు బంద్ అయితే రేపు అదే దుకాణం ఇంకో పేరు మీద తెరుసుకుంటది. పేరు పొందిన సినిమా మొఖాలు, ఇన్‌స్టాగ్రామ్ పోరగాండ్లు వాటికి ప్రచారం చేసిండ్రు. 2025 మార్చిల సైబరాబాద్ మియాపూర్ ఠాణాల ఇరవై అయిదు మంది మీద కేసు నమోదైంది, అసెంబ్లీల ముఖ్యమంత్రి సిట్ వేస్తమన్నడు. నిషేధం 2017ల, ప్రచారం చేసినోళ్ల మీద కేసు 2025ల. నడుమ ఎనిమిదేండ్లు. ఆ ఎనిమిదేండ్లల్ల ఒక్కొక్క తండ్రి భూమి అమ్మిన కథలు, కొడుకు ప్రాణం తీసుకున్న కథలు మేం జిల్లా పేజీలల్ల రాసుకుంట పోయినం. సింగిల్ కాలం వార్త. పేరు, వయసు, ఊరు, అప్పు ఎంత.

ఇగ జీఎస్టీ సంగతి. అంతకు ముందు కంపెనీలు తాము తీసుకునే కోత మీదనే 18 శాతం పన్ను కడుతున్నమని అనేటియి. వంద రూపాయల పందెంల పది కోసుకుంటే పన్ను రూపాయి ఎనభై పైసలు. 2023 తర్వాత వంద డిపాజిట్ చేస్తే నేరుగ ఇరవై ఎనిమిది రూపాయలు సర్కారుకు. 'ఇంత పన్ను వేస్తే అదే చస్తది' అని కొందరు సంబురపడ్డరు. చచ్చిందా? ఆరు నెలలల్ల వసూలు అయిదు రెట్లయింది. ఒక దిక్కు ఇది వ్యసనం అంటరు, ఇంకో దిక్కు దాని నుంచి వచ్చే ఆదాయం బడ్జెట్ల రాసుకుంటరు. సారా కాంట్రాక్టుల కాలం చూసినోళ్లకు ఈ వరుస కొత్త కాదు. పందెంల భాగస్తుడైనోడు పందాన్ని ఎట్ల కట్టడి చేస్తడు?

ఆఖరికి 2025 ఆగస్టుల పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం చేసింది. 20 నాడు లోక్‌సభ, 21 నాడు రాజ్యసభ, 22 నాడు రాష్ట్రపతి సంతకం. నైపుణ్యం ఉన్నా, అదృష్టం ఉన్నా పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట మొత్తం నిషేధం. ఆడిపిచ్చినోడికి మూడేండ్ల దాకా జైలు, కోటి దాకా జుర్మానా. ప్రచారం చేసినోడికి రెండేండ్లు, యాభై లక్షలు. ఆడినోడిని మాత్రం బాధితుడి లెక్క చూసి వదిలిపెట్టింది. అది సరైందే. ఏటా 45 కోట్ల మంది 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నరని సర్కారు అంచనా చెప్పింది. రోజుల్లనే పెద్ద పెద్ద యాపులు పైసల ఆటలు ఆపేసినయి. క్రికెట్ జట్టు చొక్కా మీది పేరు గూడ పోయింది. మన పట్నంల పుట్టిన రమ్మీ కంపెనీ ఏ23 వాళ్లు కర్ణాటక హైకోర్టుకు పోయిండ్రు. సెప్టెంబర్ల సుప్రీం కోర్టు ఇసుంటి పిటిషన్లన్నిటిని తన దగ్గరికి తెప్పించుకున్నది.

ఇంత పెద్ద చట్టం మీద రెండు సభలల్ల రెండు రోజులు. అరుపులు, కేకల నడుమ మూజువాణి ఓటు. 'పందెం, జూదం' అనే అంశం రాజ్యాంగం ఏడో షెడ్యూల్ల రాష్ట్రాల జాబితాల 34వ నంబరు కింద ఉన్నది. అది మన అసెంబ్లీ అధికారం. ఎనిమిదేండ్ల ముందే ఈ పని చేసిన రాష్ట్రాన్ని 'నీ అనుభవమేంది' అని ఒక్క మాట అడిగిండ్రా? నిషేధం మంచిదే గావచ్చు. నేను గూడ సమర్థిస్త. కానీ రాష్ట్రాల చేతుల ఉన్న అధికారం ఢిల్లీ చేతులకు పోయేటప్పుడు, పోతున్నదని చెప్పే మర్యాద అయినా ఉండాలె. రేపు ఈ చట్టం కింద ఏది ఆట, ఏది జూదం అని తేల్చే అథారిటీ ఢిల్లీల కూసుంటది. మన ఊరి పోరడు చేసిన ఆట దాని ముంగటికి పోవాలె.

ఈ చట్టం పేరుల 'ప్రోత్సాహం' అనే మాట ముందుంది, 'నియంత్రణ' తర్వాత. నియంత్రణ ఏందో చూసినం. ప్రోత్సాహం దిక్కు పోదాం, జర ఓపిక పట్టండి.

పైసల పందెం లేని నిజమైన వీడియో గేముల తోని మన సర్కారు ఎట్ల మసులుకున్నది? 2019 మార్చిల గుజరాత్‌ల, రాజ్‌కోట్ల, పబ్‌జీ ఆడినందుకు కాలేజీ పిల్లలను పోలీసులు అరెస్టు చేసిండ్రు. 2020 సెప్టెంబర్ 2 నాడు చైనా యాపులతో పాటు పబ్‌జీ మొబైల్ని కేంద్రం బంద్ చేసింది. 2021ల అదే ఆట బీజీఎంఐ పేరు తోని వచ్చింది. 2022 జులైల దాన్నీ తీసేసిండ్రు. 2023 మేల మూడు నెలల పరీక్ష అని మల్ల అనుమతించిండ్రు. పద్ధెనిమిది లోపు పిల్లలకు రోజుకు మూడు గంటలు, పెద్దోళ్లకు ఆరు గంటలు అని షరతు వచ్చింది. ఈ ఉత్తర్వులన్ని ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద. 2009 నాటి నిబంధనల ప్రకారం ఆ ఫైలు రహస్యం. ఎందుకు మూసిండ్రు, ఎందుకు తెరిసిండ్రు అంటే చెప్పేటోడు లేడు. ఆ ఆట మంచిదా చెడ్డదా అనే పంచాయితీ పక్కకు పెట్టుండ్రి. దాని మీద ఆధారపడి ఈ-స్పోర్ట్స్ టీం పెట్టుకున్నోడు, కామెంట్రీ చెప్పి బతికేటోడు తెల్లారి లేచేసరికి ఏ పనీ లేక కూసున్నడు. పెద్ద కొరియా కంపెనీ తట్టుకుంటది. పది మంది ఉన్న మన చిన్న స్టూడియోకు ఆర్నెల్లు మూతపడితే ఇంటి కిరాయి ఎవరు కడతరు?

కొరియా పేరు వచ్చింది గనుక అక్కడి సంగతి జర వివరంగ చెప్త. మనకు పనికొచ్చే అనుభవం అక్కడ ఉన్నది. దక్షిణ కొరియా 1997 ఆర్థిక సంక్షోభంల మునిగి లేసి, బ్రాడ్‌బ్యాండ్ మీద పైసలు పెట్టింది. గల్లీ గల్లీల పీసీ-బాంగ్ అనే ఆటల కేఫులు లేసినయి. సర్కారు గేమ్ పరిశ్రమకు వేరే సంస్థ పెట్టి పెంచింది. అంత బాగనే నడుస్తున్నదనుకునే వరకు 'సీ స్టోరీ' గొడవ బయటికొచ్చింది. తెలుగుల చెప్పాలంటే 'సముద్రం కథ'. పేరుకు చేపల ఆట యంత్రం. గెలిస్తే పైసలు ఇయ్యదు, బహుమతి కూపన్ ఇస్తది. పక్క దుకాణంల ఆ కూపన్ ఇస్తే కమీషన్ కోసుకుని నగదు చేతిల పెడ్తరు. ఆట అని అనుమతి తెచ్చుకున్నది, జూదం అయి కూసున్నది. ఇంకా సిగ్గుపడే సంగతేందంటే, గేమ్ పరిశ్రమను పెంచనీకి పెట్టిన సర్కారు సంస్థే ఆ కూపన్ల కంపెనీలకు గుర్తింపు ఇచ్చింది. 2006ల ప్రధాని హాన్ మ్యోంగ్-సూక్ దేశానికి క్షమాపణ చెప్పాల్సొచ్చింది.

దాని తర్వాత వాళ్లు చేసిన పని చూడండి. 2006ల గేమ్ పరిశ్రమ ప్రోత్సాహక చట్టం తెచ్చిండ్రు, 2007ల సవరించి పందెం స్వభావం ఉన్నదాన్ని అసలు 'గేమ్' అనే నిర్వచనం నుంచే బయట పెట్టిండ్రు. దానికి రేటింగ్ రాదు, రేటింగ్ లేనిది నడవదు. మాటను విడగొట్టిండ్రు. మనం ఆ పని 2025ల చేసినం.

తర్వాత వాళ్లు ఒక పొరపాటు గూడ చేసిండ్రు. 2011 నవంబర్ల పదహారేండ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి పన్నెండు నుంచి పొద్దున ఆరు దాకా ఆన్‌లైన్ ఆట ఆడొద్దని చట్టం పెట్టిండ్రు. జనం దాన్ని 'సిండ్రెల్లా చట్టం' అన్నరు. పిల్లలేం చేసిండ్రు? అమ్మ, నాయిన గుర్తింపు నంబర్లు కొట్టి ఆడిండ్రు. కొందరు ఆ చట్టం పరిధిల లేని మొబైల్ ఆటలకు పోయిండ్రు. పదేండ్లకు, 2021ల, మైన్‌క్రాఫ్ట్ అనే పిల్లల ఆట కొరియాల పెద్దోళ్లకే పరిమితమయ్యే గతి పట్టింది, ఎందుకంటే కంపెనీ ఆ ఒక్క దేశం కోసం వేరే ఏర్పాటు చేసేకంటె వయసు పెంచుడే అగ్గువ అనుకున్నది. దేశమంత నవ్వింది. 2022 జనవరి 1 నుంచి ఆ చట్టం రద్దయింది.

మరి నిలబడ్డదేంది? పైసల మీద పెట్టిన కట్టడి. చాలా ఆటలల్ల డబ్బాలు అమ్ముతరు. డబ్బాల ఏమున్నదో తెరిసే దాకా తెల్వది, లాటరీ టికెట్ లెక్క. 2024 మార్చి నుంచి ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంత శాతమో రాసి పెట్టాలని కొరియా చట్టం చెప్తది. అదే ఏడు జనవరిల నెక్సాన్ అనే దిగ్గజ కంపెనీకి 1,160 కోట్ల వాన్ల జుర్మానా పడ్డది, మన లెక్కల 70 కోట్ల పైననే. ఎందుకు? మేపుల్‌స్టోరీ అనే ఆటల మంచి సరుకు వచ్చే అవకాశాన్ని చాటుగ తగ్గించి ఆటగాండ్లకు చెప్పనందుకు. గడియారం పట్టుకున్న చట్టం ఓడిపోయింది, చిట్టా పుస్తకం పట్టుకున్న చట్టం నిలిచింది. మన దగ్గర ఇప్పటికీ చర్చంత గంటల మీదనే. పిల్లగాడు ఎన్ని గంటలు ఆడిండు అంటరు గాని, ఆ 'ఉచిత' ఆట వాని నాయిన కార్డు నుంచి ఎంత గుంజింది అని అడగరు.

ఇప్పుడు చేయూత. తెలంగాణ 2016ల 'ఇమేజ్' పాలసీ తెచ్చింది. ఇన్నోవేషన్ ఇన్ మల్టీమీడియా, యానిమేషన్, గేమింగ్ అండ్ ఎంటర్‌టైన్‌మెంట్ అని పూర్తి పేరు. 2017 నవంబర్ల రాయదుర్గంల ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన చేసిండ్రు. దేశంలనే పెద్ద గేమ్ తయారీదార్ల సదస్సు 2022, 2023, 2024లల్ల మన పట్నంలనే జరిగింది. కేంద్రం 2022 బడ్జెట్ల టాస్క్‌ఫోర్స్ అన్నది, ఆ తర్వాత ముంబైల క్రియేటివ్ టెక్నాలజీల సంస్థ పెట్టింది. కర్ణాటక ఈ రంగానికి 2012లనే పాలసీ చేసింది. పాలసీలకు కరువు లేదు. కానీ ఎప్పుడు చూసినా మన చేయూత భవనం రూపంలనే వస్తది. అద్దాల టవర్, కింద పార్కింగ్, మీద హెలిప్యాడ్ బొమ్మ. భవనం కడితే కాంట్రాక్టరుకు పని దొరుకుతది, ఫోటో దిగనీకి జాగ దొరుకుతది. ఆట ఎవరు తయారు చేస్తరు?

బయట రెండు అనుభవాలున్నయి. అమెరికాల రోడ్ ఐలాండ్ అనే చిన్న రాష్ట్రం 2010ల ఒక పేరున్న బేస్‌బాల్ ఆటగాడి గేమ్ కంపెనీకి, 38 స్టూడియోస్‌కు, ఏడున్నర కోట్ల డాలర్ల అప్పుకు పూచీ ఇచ్చింది. ఒకటే కంపెనీ, మొత్తం పైసలు దాని మీదనే. 2012ల అది దివాళా తీసింది, అప్పు జనం నెత్తిన పడ్డది. అదే ఖండంల కెనడాల క్యూబెక్ రాష్ట్రం వేరే పద్ధతి పట్టింది. స్థానికంగ కొలువులిచ్చి జీతాలిస్తే, ఆ జీతాల మీద పన్ను రాయితీ. జీతం ఇయ్యకుంటే రాయితీ లేదు. 1997ల ఫ్రాన్స్ కంపెనీ యూబీసాఫ్ట్ మాంట్రియల్ల స్టూడియో పెట్టింది, ఆ పట్నం ప్రపంచ గేమ్ రాజధానులల్ల ఒకటైంది. బ్రిటన్ 2014ల ఇచ్చిన రాయితీకి ఇంకో మెలిక పెట్టింది. ఆటల ఆ దేశపు కథ, మనుషులు, భాష ఎంత ఉన్నదని మార్కులేసే సాంస్కృతిక పరీక్ష పాసు కావాలె. మనం ఈ షరతు పెట్టుకోలేమా? సమ్మక్క-సారక్క, రుద్రమ, పాపన్న కథల మీద, మన యాస తోని మాట్లాడే ఆటకు పది మార్కులు ఎక్కువెయ్యమని అడిగితే తప్పా?

ఇక్కడ ఒక చేదు ముచ్చట చెప్పాలె. హైదరాబాద్ల బొమ్మలు గీసేటోళ్ల నేర్పుకు కొదువ లేదు. ఈఏ వంటి ప్రపంచ కంపెనీకి ఇక్కడ స్టూడియో ఉన్నది. 'లైఫ్ ఆఫ్ పై' సినిమాల పులిని తయారు చేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కు గూడ ఇక్కడ శాఖ ఉండేది. 2013 ఫిబ్రవరిల ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అదే నెల, ఆస్కార్ రాకముందే, కంపెనీ దివాళా పిటిషన్ వేసుకున్నది. పులి పేరు లోకమంత మోగింది, వెంట్రుక వెంట్రుక గీసినోళ్లు కొత్త కొలువు వెతుక్కున్నరు. గేమ్ రంగంలనూ అదే కథ. మనం కూలికి గీస్తం, ఆట హక్కు ఇంకొకనిది. దేశంల సొంత కథ తోని ఆట చేద్దామన్నోళ్లకు పెట్టుబడి దొరకదు. పుణెల తయారైన 'రాజీ' ఆటకు 2017ల జనం దగ్గర చందాలు అడిగితే సరిపోను రాలే. మూడేండ్లు తన్లాడి 2020ల బయటికి తెచ్చిండ్రు, లోకమంత మెచ్చుకున్నది. అసుంటోళ్లకు ఆ మూడేండ్లు నిలబడనీకి ఇరవై, ముప్ఫై లక్షల సాయం చాలు. టవర్ల ఒక అంతస్తు ఖర్చుకు ఎన్ని స్టూడియోలు నిలబడ్తయో ఇంజినీరింగ్ పిల్లలు మీరే లెక్క వేసుకోండి.

2025 చట్టం తర్వాత పైసల ఆటల కంపెనీలల్ల కొలువులు పోయినయి. ఎంపీఎల్ అనే కంపెనీ మన దేశపు సిబ్బందిల అరవై శాతం మందిని తీసేస్తున్నదని వార్తలొచ్చినయి. వాళ్లంత జూదగాండ్లు కారు. సర్వర్ నడిపినోళ్లు, బొమ్మ గీసినోళ్లు, ఫోన్ ఎత్తి మాట్లాడినోళ్లు. మనం కొలువుల కోసం కొట్లాడినోళ్లం, ఒక్క కొలువు పోయినా ఆ నొప్పి తెలిసినోళ్లం. పన్ను రూపంల వేల కోట్లు తిన్న సర్కార్లు ఆ పిల్లలను నిజమైన ఆటల తయారీ దిక్కు మళ్లించనీకి అందుల వందో వంతు పెట్టినా సరిపోతది. ఆ డిమాండ్ ఉద్యోగ సంఘాలు ఎత్తుకోవాలె. ఎన్జీవో అన్నా, నిన్నే అంటున్న.

మాటలతోని ఆపితే రేపు పేపర్ల ఒక వార్త అయితది, అంతే. అందుకే ఒక పని చెప్త. సమాచార హక్కు చట్టం కింద ఐటీ శాఖకు దరఖాస్తు పెడదాం. 2016 నుంచి ఇమేజ్ పాలసీ కింద ఏ ఏటికి ఎన్ని కంపెనీలకు రాయితీ ఇచ్చిండ్రు, అందుల సొంత ఆట తయారు చేసినయి ఎన్ని, కూలి పని చేసేటియి ఎన్ని, స్థానికులకు ఇచ్చిన కొలువులు ఎన్ని? టవర్ మీద ఇప్పటిదాకా పెట్టిన ఖర్చెంత? రెండో దరఖాస్తు హోం శాఖకు. 2017 సవరణ కింద ఎన్ని కేసులు పెట్టిండ్రు, ఎన్నిట్ల శిక్ష పడ్డది, అందుల ఆడినోళ్లు ఎందరు, ఆడిపిచ్చినోళ్లు ఎందరు? దరఖాస్తుకు పది రూపాయలు. నమూనా కాగితం బయట బల్ల మీద పెట్టిన. సంతకం చేసి, మీ పేరు మీదనే పంపండి. ముప్ఫై రోజులల్ల జవాబు వస్తది, రాకుంటే అప్పీలు ఎట్ల రాయాల్నో దాని వెనకనే ఉన్నది.